రెంటచింతలలో టీ వద్దన్న అతిథి

ఎత్తిపోతల జలపాతం చూసొద్దామని బయల్దేరి, దాన్ని చూడకుండానే తిరిగొచ్చిన ప్రయాణం ఇది. జలపాతం వివరాల కోసం ఈ పేజీ తెరిచినవాళ్ళు నిరాశపడతారేమోనని ముందే చెబుతున్నాను. నరసరావుపేట నుంచి మాచర్ల వైపు వెళ్ళే దారి ఎలా ఉంటుందో మాత్రం తెలుస్తుంది. ఆ దారిలో ఎవరింటికైనా వెళితే ఎలా మసలుకోవాలో కూడా నాకు ఆ రోజే తెలిసింది. అలాంటి ఇంటి మనిషినే అయి ఉండీ అప్పటిదాకా నాకు తోచలేదు.

మా మేడ మీద పోర్షన్‌లో కొన్ని నెలలుగా ఇద్దరమ్మాయిలు అద్దెకుంటున్నారు. మోర్మన్ మతశాఖ తరఫున సేవకి వచ్చిన మిషనరీలు. ఒకరు ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన సిస్టర్ సాంతోస్, ఇరవై ఒక్కేళ్ళ పిల్ల. ఇంకొకరు సిస్టర్ కరుణ, రాజమండ్రి అమ్మాయి. పొద్దున ఆరున్నరకి మా నెత్తి మీద కుర్చీలు జరిగిన చప్పుడవుతుంది, కాసేపటికి సన్నగా పాట వినిపిస్తుంది. తర్వాత చదువు, ప్రార్థన. ఆ పైన ఇస్త్రీ నలగని పొడవాటి స్కర్టులతో, గుండె మీద నల్లటి పేరుబిళ్ళతో మెట్లు దిగుతారు. కరివేపాకు కొనడానికైనా ఇద్దరూ కలిసే వెళ్ళాలి, ఒకరి కంటికి మరొకరు కనపడకుండా పోకూడదు. సినిమాల్లేవు, జీతం లేదు, టీ కాఫీలు అసలే లేవు. ఏడాదిన్నర పాటు ఇదే బతుకు. వారంలో సోమవారం ఒక్కటే బట్టలుతుక్కుని, ఇంటికి వీడియో కాల్ చేసుకుని, ఊరు చూసుకునే రోజు. అది కూడా సాయంత్రం ఆరింటిదాకానే.

నేను క్యాథలిక్ ఇంట్లో పుట్టినదాన్ని. కాలేజీలో చరిత్ర చెబుతాను. పండగలకి గుడికి, అంటే మా చర్చికి, వెళతాను, పూజలో మోకరిస్తాను. మోకరించిన ప్రతిసారీ ఇది నమ్మకమా, మోకాళ్ళకున్న అలవాటా అన్న అనుమానం వస్తుంది. అందుకేనేమో ఈ పిల్లల్ని చూస్తే కొంత ముచ్చట, కొంత అసూయ, కొంత కోపం కూడా కలుగుతాయి. మొన్న చలికాలంలో సాంతోస్ అమ్మమ్మ పోయింది. వాళ్ళ భాషలో లోలా అంటారట. కావాలంటే వెళ్ళిరమ్మని వాళ్ళ మిషన్ పెద్దలు చెప్పారు. వెళితే మళ్ళీ తిరిగి రాలేనని భయపడి తనే ఆగిపోయింది. అమ్మమ్మని మట్టి చేయడం మా మేడ మెట్ల మీద కూర్చుని ఫోన్‌లో చూసింది. ఆ రోజు నాకు ఎవరి మీదో తెలియని కోపం వచ్చింది.

ఆ తర్వాత ఒకరోజు ఆ అమ్మాయి బట్టలు ఆరేస్తూ నన్నడిగింది. "ఆంటీ, మీకు అమ్మమ్మ ఉన్నదా?"

"లేదమ్మా. పెద్దమ్మ ఉంది, రెంటచింతలలో."

"నేను ఆమె దగ్గర కొంచెంసేపు కూర్చోవచ్చా?"

ప్రయాణం అలా మొదలైంది. జలపాతం నేను కలిపాను. ఒక ముసలామె పక్కన కూర్చోడానికి అంత దూరం వెళ్ళడమంటే ఎవరికైనా వింతగా ఉంటుంది కదా, ఎత్తిపోతల అంటే పద్ధతిగా ఉంటుందనుకున్నాను. వాళ్ళ పెద్దల అనుమతి తెచ్చుకున్నారు. సాయంత్రం ఆరుకల్లా ఇంట్లో ఉండాలన్నది షరతు.

మార్చి నెల సోమవారం ఒకటి చూసుకుని పొద్దున్నే నరసరావుపేట బస్టాండులో మాచర్ల ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. పిడుగురాళ్ళ, గురజాల మీదుగా వెళుతుంది. రెంటచింతలకి రెండు గంటల పైనే పడుతుంది. ఎండాకాలమైతే ఎడమవైపు సీట్లు పట్టుకోండి, పొద్దుటి ఎండ కుడివైపు కొడుతుంది. మన రాష్ట్రం ఆధార్ ఉన్న ఆడవాళ్ళకి టికెట్ లేదు, నాకూ కరుణకీ సున్నా టికెట్ కొట్టిన కండక్టరు సాంతోస్ దగ్గర ఆగాడు.

"ఈ పాపది ఆధార్ ఏదమ్మా?"

"ఆ అమ్మాయిది ఫిలిప్పీన్స్ అండి," అన్నాను.

"ఆడమనిషేగా, ఏ దేశమైతే ఏందిలే అని నాకూ ఉంది. ఈ మిషను ఒప్పుకోదే!" అని నవ్వుతూ నూరు రూపాయల పైచిలుకు టికెట్ కొట్టి ఇచ్చాడు. సాంతోస్ ఆ టికెట్‌ని మడిచి జాగ్రత్తగా పర్సులో పెట్టుకుంది, తన దగ్గర మాత్రమే ఉన్న గొప్ప వస్తువులాగా.

పిడుగురాళ్ళ దగ్గర సున్నపు బట్టీల దుమ్ముతో చెట్లు, గోడలు, ఆగి ఉన్న లారీలు అన్నీ తెల్లగా ఉంటాయి. గురజాల దాటాక రంగు మారిపోతుంది. రోడ్డుకి రెండు పక్కలా కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. కిటికీలోంచి ఘాటు కొట్టి బస్సంతా తుమ్ములు. అలవాటు లేనివాళ్ళు ఈ నెలల్లో ఒక చేతిరుమాలు దగ్గరుంచుకోవాలి. రెంటచింతల సెంటర్లో దిగేసరికి సాంతోస్ కళ్ళల్లో నీళ్ళు, గొంతులో గరగర.

అక్కడ మస్తాన్ ఆటో మాట్లాడుకున్నాం. మా పెద్దమ్మ వాళ్ళ వీధి తెలిసినవాడే, ఆమెని అత్తా అని పిలుస్తాడు. సాంతోస్ తన బిస్కెట్ పొట్లం అతని ముందు పెట్టింది.

"రోజా ఉన్నానమ్మా," అన్నాడు మస్తాన్. "పొద్దుగూకిందాకా మంచినీళ్ళు కూడా తాగం."

"మేము కూడా నెలలో ఒక ఆదివారం ఉంటాము. నీళ్ళు కూడా తాగము," అంది సాంతోస్ ఉత్సాహంగా.

"అట్టయితే మీరూ మావాళ్ళే!" అని హారన్ కొట్టాడతను.

మా పెద్దమ్మ పేరు ఆరోగ్యమ్మ. డెబ్బై దాటాయి. నడుం వంగిందాకా మిరపకోతలకి వెళ్ళింది, ఇప్పుడు కల్లంలో కూర్చుని రంగు పోయిన తాలుకాయలు ఏరుతుంది. మేం వస్తున్నామని ఆ రోజు పని మానుకుంది. సాంతోస్‌ని చూడగానే గడప దగ్గరే రెండు బుగ్గలూ పుణికింది.

"ఏమే సుశీ, ఈ పిల్లేనా? ఇంత పిల్లని అంత దూరం ఎట్టా పంపిచ్చారే? అన్నం పెడతన్నావా లేదా, పుల్లలాగుంది!"

బుగ్గల మీది ఆ చేతుల్ని సాంతోస్ తన చేతులతో అలాగే పట్టుకుని నిలబడింది. పర్వాలేదు, వచ్చిన పని అయిందనుకున్నాను.

పెద్దమ్మ లోపలికెళ్ళి అల్లం, యాలకులు దంచి టీ పెట్టింది. ఉన్న పాలన్నీ అందులోనే పోసింది. అద్దాల బీరువాలోని పువ్వుల కప్పులు దించింది. అవి వచ్చినవాళ్ళకే, తనెప్పుడూ స్టీలు గ్లాసులోనే తాగుతుంది. పళ్ళెంలో కప్పులు పెట్టుకుని వచ్చి సాంతోస్ ముందు వంగింది.

సాంతోస్ లేచి నిలబడి చేతులు జోడించింది. "క్షమించండి అమ్మమ్మా. మేము టీ తాగము."

"మాకొద్దండీ," అంది కరుణ కూడా.

"ఎండన పడొచ్చారు. కొంచెం తాగండమ్మా."

"వద్దు అమ్మమ్మా," అని నవ్వింది సాంతోస్. మిరప ఘాటుకి గొంతు ఇంకా గరగరలాడుతున్నట్టుంది, సంచిలోంచి తన సీసా తీసి గడగడా నీళ్ళు తాగింది. వడగట్టని నీళ్ళు తాగకూడదన్నది వాళ్ళ నియమాల్లో ఒకటి, జబ్బుపడితే సేవ ఆగిపోతుందని.

పెద్దమ్మ మొహంలో ఏ మార్పూ లేదు. అందుకే నాకు భయమేసింది. "సరేలే తల్లీ," అని పళ్ళెం తీసుకుని లోపలికెళ్ళిపోయింది.

మాది దళిత కుటుంబం. పెద్దమ్మ చిన్నతనంలో వాళ్ళ పుట్టినూళ్ళో టీ కొట్టు చూరులో మావాళ్ళకి విడిగా గ్లాసులు దోపి ఉండేవట. ఎవరి గ్లాసు వాళ్ళు తీసుకుని, కడుక్కుని, కింద పెడితే పైనుంచి పోసేవాళ్ళు. తర్వాత ఆ గ్లాసులు పోయాయి. కూలికి పిలవడానికో ఓటు అడగడానికో పై కులాలవాళ్ళు ఇంటికి రావడం మొదలైంది. వాళ్ళు టీ వద్దనేవాళ్ళు, ఎంతో మర్యాదగా, చేతులు జోడించి మరీ.

వంటింట్లోకి వెళ్ళాను. ఆమె కప్పుల్లోని టీని మళ్ళీ గిన్నెలో పోస్తోంది.

"పెద్దమ్మా, వాళ్ళ మతంలో టీ తాగరు. ఎక్కడా తాగరు. మా ఇంట్లోనూ తాగరు."

"టీ తాగని మతమేందే? నేనెప్పుడూ ఇనలా."

"నిజం పెద్దమ్మా."

"ఒకాయనకి షుగరు. ఒకాయన ఇప్పుడే తాగొచ్చా. ఒకావిడకి శనివారం ఉపాసం. చానా ఇన్నాలే సుశీ. ఇది కొత్తది, అంతే." గిన్నె మీద మూత పెట్టింది. "పోనీ, టీ వద్దంది. నీళ్ళు కూడా ఇంటికాణ్ణించి తెచ్చుకోవాల్నా?"

వసారాలోకి వచ్చి ఇద్దరికీ సంగతి చెప్పాను. కరుణ నెత్తి కొట్టుకుంది.

"అయ్యో! మా నాన్నమ్మ కూడా ఇంతేనండి. నాకెందుకు తట్టలేదండి బాబూ! రోజూ పది గుమ్మాల్లో చెప్పీ చెప్పీ, ఆ మాట నోట్లోంచి దానంతటదే వచ్చేస్తుందండి."

సాంతోస్‌కి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక సీసాని సంచిలో కూరేసి, సంచిని కాళ్ళ వెనక్కి నెట్టేసింది.

"ఒక్క గుక్క తాగమ్మా," అన్నాను నేను. "ముసలామె మనసు కంటే ఎక్కువా ఈ నియమం? దేవుడికి అంత పట్టింపు ఉండదులే."

ఆ పిల్ల తలొంచుకునే అడిగింది. "ఆంటీ, ఇప్పుడు నేను తాగితే, అమ్మమ్మ కోసం తాగినట్టా? నాకు సిగ్గు వేసి తాగినట్టా?"

నాకు చిరాకేసింది. ఎదురుగా ఒక మనిషి బాధపడుతుంటే ఈ లెక్కలేమిటనుకున్నాను. ఆటోలో కూర్చున్న మస్తాన్ మా మాటలు విన్నట్టున్నాడు, గుమ్మం దాకా వచ్చి లోపలికి కేకేశాడు.

"అత్తా! ఈళ్ళది కూడా రోజాలాంటిదేనంట!"

లోపల్నుంచి జవాబొచ్చింది. "నీ రోజా పొద్దుగూకితే అయిపోద్ది, అప్పుడొచ్చి నా చేతి నీళ్ళు తాగుతావు. ఈళ్ళది ఎప్పుడైపోద్దిరా?"

మస్తాన్ సాంతోస్ వైపు చూశాడు. "అయిపోదు," అంది సాంతోస్ మెల్లగా. అతను తల గోక్కుంటూ ఆటో దగ్గరికి వెళ్ళిపోయాడు.

అప్పుడు ఆ అమ్మాయి లేచి వంటింట్లోకి వెళ్ళింది. వెనకే కరుణ, కరుణ వెనక నేను. పొయ్యి పక్కన నేల మీద పెద్దమ్మ ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"అమ్మమ్మా, నాకు ఆకలి వేస్తున్నది. అన్నం పెడతారా?"

పెద్దమ్మ ఆమె వంక తేరిపార చూసింది. "మీకు పనికొచ్చేది ఏముందమ్మా ఇక్కడ. పొద్దుటన్నం, గోంగూర పచ్చడి."

"నాకు పనికి వస్తుంది."

పెద్దమ్మ నా వైపు చూసింది. స్టీలు పళ్ళెంలో అన్నం, పచ్చడి పెట్టి ముందుకి జరిపింది. సాంతోస్ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసి, ముద్ద పెద్దదే కలిపి నోట్లో పెట్టుకుంది. రెండో ముద్దకి ముక్కు ఎర్రబడింది. మూడో ముద్దకి కళ్ళమ్మట, ముక్కమ్మట నీళ్ళు కారిపోయాయి. అయినా ఆపలేదు. పెద్దమ్మ చెయ్యి అలవాటుగా కుండ మీదికి పోయి, మధ్యలో ఆగింది.

"మీ సీసా ఏదమ్మా?"

"అది వద్దు," అంది సాంతోస్ ఎగపోస్తూ. కుండ వైపు వేలు చూపించింది. "అది కావాలి."

"సిస్టర్..." అంది కరుణ.

కుండలో ముంచి పెద్దమ్మ నీళ్ళిచ్చింది. తను రోజూ టీ తాగే స్టీలు గ్లాసు అది. సాంతోస్ ఒక్క గుక్కలో తాగేసి గ్లాసు మళ్ళీ చాపింది. మళ్ళీ తాగి మళ్ళీ చాపింది.

"ఇంకా!"

పెద్దమ్మకి నవ్వాగలేదు. "కారం ఓర్చుకోలేనిదానివి అన్ని ముద్దలు ఎందుకు తిన్నావే, పిచ్చిమొహమా!" అప్పటిదాకా ఉన్న మీరు, అమ్మా అన్నీ ఎగిరిపోయాయి. చీర కొంగుతో ఆ పిల్ల ముక్కు తుడిచింది. కరుణ కూడా కూర్చుని, "నాక్కూడా పెట్టండి మామ్మగారూ," అని పళ్ళెం లాక్కుంది.

తిన్నాక సాంతోస్ పొయ్యి వెలిగించి, మూత పెట్టి ఉన్న టీ గిన్నె ఎక్కించింది. పెద్దమ్మ వద్దంటున్నా వినలేదు. "లోలాకి రోజూ కాఫీ నేనే చేసేదాన్ని. దాని రుచి నాకు తెలియదు. బాగుందా లేదా, ఆమె మొహం చూసి తెలుసుకునేదాన్ని," అంది. పువ్వుల కప్పులో పోసి, పెద్దమ్మని వసారాలో కుర్చీలో కూర్చోబెట్టి చేతికిచ్చింది. ఆ కప్పులో పెద్దమ్మ తాగడం నేనెప్పుడూ చూడలేదు. చెవి ఎక్కడ పట్టుకోవాలో తెలియక రెండు చేతులతో గిన్నెలాగా పట్టుకుంది.

"మరీ కాగబెట్టావే. చేదెక్కింది," అంది. కప్పు ఖాళీ చేసి కింద పెట్టింది.

ఆ మిగతా పొద్దంతా అక్కడే గడిచింది. పెద్దమ్మ ఇంటికి తెచ్చుకున్న మిరప బస్తాలోంచి తాలుకాయలు ఏరడం నేర్పించింది, సాంతోస్ మంచికాయలు కూడా ఏరేసి చీవాట్లు తింది. మధ్యలో ఒకసారి పెద్దమ్మ అడిగింది.

"టీ మీద మీ దేవుడికి ఏందే అంత కోపం?"

"నాకు తెలియదు అమ్మమ్మా. నేను మాట ఇచ్చాను."

"మాటిచ్చినాక ఇంకేముందిలే," అంది పెద్దమ్మ. కొంచెంసేపు కాయలు ఏరింది. "కాకపోతే ఇంకెక్కడికన్నా పోయినప్పుడు ముందు నీళ్ళడుగు. నీళ్ళు తాగినాక ఏది వద్దన్నా, వద్దన్నట్టే. నీళ్ళు ముట్టకుండా వద్దన్నావనుకో, ఆ వద్దు టీనా, మనిషినా తెలవదు."

మధ్యాహ్నం దాటాక మస్తాన్ మళ్ళీ వచ్చి, ఇప్పుడు మాచర్ల వెళ్ళి అక్కణ్ణుంచి ఎత్తిపోతల చేరితే ఆరింటికి నరసరావుపేట చేరడం కల్ల అని తేల్చేశాడు. మాకూ పట్టింపు లేకపోయింది. వచ్చిన దారినే బస్సెక్కాం. జలపాతమే ముఖ్యమనుకునేవాళ్ళు తొలి బస్సుకి తిన్నగా మాచర్ల వెళ్ళిపోవాలి. అక్కణ్ణుంచి సాగర్ రోడ్డులో ఆటో మాట్లాడుకోవచ్చు. దారిలో చుట్టాలిల్లు పెట్టుకుంటే మాత్రం ఆ రోజుకి జలపాతం మర్చిపోండి.

మర్నాటి నుంచి రెండ్రోజులు మేడ మీద పాట వినపడలేదు. సాంతోస్‌కి కడుపు చెడింది. కుండ నీళ్ళో, గోంగూర కారమో చెప్పలేం. నేను ఓఆర్ఎస్ కలిపి పట్టుకెళ్ళాను. వాళ్ళ పెద్దలకి తనే ఫోన్ చేసి నియమం తప్పానని చెప్పేసిందట, చీవాట్లు కూడా పడ్డాయట. నన్ను మాత్రం ఒకటే అడిగింది, అమ్మమ్మకి చెప్పొద్దని. సరిగ్గా అప్పుడే పెద్దమ్మ ఫోన్ చేసింది.

"ఆ పిల్ల ఎట్టుందే? కారం పడిందా?"

"బాగుంది పెద్దమ్మా," అన్నాను. మంచం మీద సాంతోస్ రెండు చేతులూ జోడించింది, నాకో, ఎవరికో.

ఆ తర్వాత ఒకసారి ఉండబట్టలేక అడిగాను. ఆ రోజు పచ్చడీ నీళ్ళూ లేకపోయి, టీ ఒక్కటే దారైతే ఏం చేసేదానివని. "నన్ను ఇంకా ఎవరూ అంత కష్టమైన ప్రశ్న అడగలేదు ఆంటీ," అంది. నాకు ఆ జవాబు నచ్చింది. తెలుసని చెప్పి ఉంటే నేను నమ్మేదాన్ని కాదు. అప్పటిదాకా నియమాన్ని గట్టిగా పట్టుకోవడం రాయిలా తయారవడమేనని అనుకునేదాన్ని. ఆ పిల్ల ఒక నియమాన్ని వదల్లేదు, ఇంకో నియమాన్ని గోంగూర పళ్ళెం ముందు వదిలేసింది. ఏది ఎందుకో నాకు విడదీసి చెప్పడం చేతకాదు. మొన్న పండగకి గుడిలో మోకరించినప్పుడు నా అనుమానం నాతోనే ఉంది, కాకపోతే దాని పక్కన స్టీలు గ్లాసు చాపిన ఒక చెయ్యి కూడా ఉంది.

పల్నాడు వైపు వెళ్ళేవాళ్ళకి నేను చెప్పగలిగిన సలహా మా పెద్దమ్మదే. ఇక్కడ ఏ ఇంటికి వెళ్ళినా టీ తప్పదు. మీకు షుగరు ఉండొచ్చు, ఉపవాసం ఉండొచ్చు, ఇప్పుడే తాగి వచ్చి ఉండొచ్చు, అన్నీ నిజమే కావొచ్చు. మీ సీసా సంచిలోనే ఉంచండి. కూర్చున్న వెంటనే, వాళ్ళు ఏమీ అడక్కముందే, మంచినీళ్ళు అడగండి.